హేవ్‌లాక్‌లో సీసం మొలతాడు

గోదావరి కాలువలో ఈత నేర్చినవాణ్ణి. మునగకుండా ఉండడమే విద్య అని ఇన్నేళ్లూ నమ్మాను. అలాంటి నేను డబ్బు పోసి మునగడం నేర్చుకోవడానికి అండమాన్ వెడుతున్నానంటే మా ఆవిడ నవ్వింది.

"మునగడం కూడా ఒక విద్యేనా? రాయికి ఎవరు నేర్పారండీ?" అంది.

రాయికి మునగడమొక్కటే వచ్చుననీ, మధ్యలో ఆగడం రాదనీ అప్పటికి నాకూ తోచలేదు.

పోర్ట్‌బ్లెయర్‌లో ఓడ ఎక్కి హేవ్‌లాక్ చేరాను. ఆ పట్నం 2024లో శ్రీవిజయపురం అయింది. ఈ దీవి 2018లోనే స్వరాజ్ ద్వీపమైంది. అయినా జెట్టీ మీద నేను విన్నంతలో అందరి నోటా హేవ్‌లాకే.

నాకు నేర్పిన కుర్రవాడు తెలుగువాడు. తాతగారి నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమట. మొదటిరోజే నా ముందు సరంజామా అంతా పరిచాడు. వీపున గాలి సిలిండరు, ఒంటికి రబ్బరు సూటు, దానిపైన గాలి నింపుకొనే కోటు, నడుముకు సీసపు దిమ్మలు గుచ్చిన బెల్టు. ఆ బెల్టును చూస్తే మా తాతగారి వెండి మొలతాడు గుర్తుకొచ్చింది.

"మునగడానికి సీసం, తేలడానికి గాలి! రెండూ ఒకేసారి ఎందుకోయ్?" అన్నాను.

"రెంటికీ రాజీ కుదర్చడమే మన పని, బాబాయిగారూ," అన్నాడు.

ఒడ్డు దగ్గరే నా తూకం చూశాడు. కోటులో గాలి పూర్తిగా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి పట్టి, కాళ్లాడించకుండా నిటారుగా ఉండాలి. నీటిమట్టం కళ్లకు సరిగ్గా రావాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. అంతకు మించి సీసం అనవసరం. కాలువ నీటికంటె ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది కాబట్టి సముద్రంలో కొంచెం ఎక్కువే కావాలి. ఇంకో చిత్రమేమంటే, సిలిండరులో గాలికీ బరువుంది. నిండు సిలిండరులో రెండున్నర కిలోల పైచిలుకు గాలి ఉంటుంది. అది వాడుకున్న కొద్దీ మనం తేలికవుతాం. ఆ లోటు కూడా కలిపి నాకు ఆరు కిలోలు తేల్చాడు.

మర్నాడు పడవ మీద నుంచి దిగితే అందరూ మునిగారు, నేను మాత్రం బాతులాగా పైనే తేలాను. భయం కొద్దీ ఛాతీ నిండా ఊపిరి బిగబట్టానని నాకు తెలియదు. రెండు లీటర్ల గాలి అదనంగా పట్టి ఉంచితే రెండు కిలోల సీసం తీసి పారేసినట్టే. నేను మాత్రం సీసం చాలలేదనుకొన్నాను.

మూడోరోజు ఆ కుర్రవాడు చూడకుండా పెట్టెలోంచి రెండేసి కిలోల దిమ్మలు రెండు తీసి కోటు జేబుల్లో వేసుకొన్నాను.

ఇంకేముంది! రుబ్బురోలులాగా దిగిపోయాను. పది మీటర్ల అడుగున ఇసుకలో మోకాళ్లు కూలబడ్డాయి. జానెడు దూరంలో కొమ్మలు కొమ్మలుగా పగడపు దిబ్బ. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా పాలిపోయి చచ్చాయి. మిగిలినవాటి మీద నా మోకాలు పడకపోవడం వాటి అదృష్టం. కంగారులో కోటులోకి గాలి వదిలే మీట నొక్కాను. కదలలేదు. మళ్లీ నొక్కాను. ఉన్నట్టుండి పైకి లేచాను.

అసలు ప్రమాదం అక్కడ మొదలైంది. నాలుగు కిలోల దొంగ సీసాన్ని మోయడానికి సుమారు నాలుగు లీటర్ల గాలి ఎక్కువ నింపానన్నమాట. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. పైకి వస్తున్న కొద్దీ ఆ నాలుగు లీటర్లూ ఉబ్బి, నీటిపైకి చేరేసరికి ఎనిమిది అవుతాయి. ఉబ్బిన కొద్దీ వేగం, వేగం కొద్దీ ఉబ్బు. ఊపిరితిత్తుల్లో గాలికీ అదే లెక్క. అప్పుడు ఊపిరి బిగబడితే అవి చిట్లవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఎవరో నా కాలు పట్టుకొన్నారు. ఆ కుర్రవాడే! ఒక చేత్తో నన్ను ఆపి, రెండో చేత్తో కోటు తాడు లాగి గాలి వదిలేశాడు. ఊపిరి వదలమని నోటి ముందు వేళ్లాడించాడు. వదిలాను. ఇద్దరం నెమ్మదిగా పైకి వచ్చాము.

పడవలో జేబులు తడిమి దిమ్మలు రెండూ బయట పెట్టాడు. కోప్పడితే బాగుండేది.

"మీకు కావలసింది సీసం కాదు, బాబాయిగారూ. ఊపిరి వదలడం," అన్నాడు అంతే.

నాలుగోరోజు ఆరు కిలోలతోనే దిగాను. నీటిపైనే ఊపిరి నిదానంగా పూర్తిగా వదిలాను. కళ్లముందే నీరు మూసుకొంది. దిగుతూ కోటులోకి కొంచెం కొంచెం గాలి వదిలాను. పగడాలకు నిలువెత్తు పైన ఆగాను. పీలిస్తే బెత్తెడు పైకి, వదిలితే బెత్తెడు కిందికి. చేతులతో పనిలేదు. చారల చేప ఒకటి నా ముఖం ముందు కాసేపు నిలబడి చూసింది. తిరిగి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. సిలిండరు తేలికైనా పైకి జారకుండా ఆగగలిగాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది, "మునగడం వచ్చిందా?" అని.

"మునగడం మూడోరోజే వచ్చింది. ఆగడం నాలుగోరోజు వచ్చింది," అన్నాను. జేబుల్లో దిమ్మల సంగతి మాత్రం ఇది చదివాకే ఆమెకు తెలుస్తుంది.