బోర్డుకున్నపాటి జాగ్రత్త మనకి లేదా?

"ప్రెషర్‌లో పెడితేనే ఎవడి సత్తా ఏంటో తెలుస్తుంది." ఈ మాట వినని ఐటీ ఉద్యోగి ఉండడేమో! నేను రాసేది ఎంబెడెడ్ కోడ్. బోర్డు ఫెయిలైతే తప్పు హార్డ్‌వేర్‌దా, కోడ్‌దా అని తేల్చడానికి టెస్ట్ లాబ్‌లో చాలా రోజులే కూర్చున్నాను. అక్కడ చూసినదానికీ ఈ మాటకీ అస్సలు పొంతన లేదండీ.

తయారైన బోర్డుల్ని కస్టమర్‌కి పంపేముందు బీరువా అంత థర్మల్ ఛాంబర్‌లో పెడతారు. కాసేపు గడ్డకట్టే చలి, కాసేపు మాడ్చే వేడి, మళ్ళీ చలి. తర్వాత షేకర్ మీద బిగించి ఊపుతారు. ఇదంతా బోర్డు పనిచేస్తుండగానే. వేడికి ఒక్కో పదార్థం ఒక్కోలా వ్యాకోచిస్తుంది కదా, సరిగ్గా అతకని సోల్డర్ జాయింట్ అక్కడే విడిపోతుంది. దీన్నే ఎన్విరాన్‌మెంటల్ స్ట్రెస్ స్క్రీనింగ్ అంటారు. అమెరికా నౌకాదళం 1979లోనే నావ్‌మాట్ పి-9492 అనే పత్రంలో ఈ పద్ధతి వివరించింది.

డిజైన్ ఎంత తట్టుకుంటుందో చూడటం వేరే పని. దాన్ని హాల్ట్ అంటారు. అందులో కొన్ని శాంపిళ్ళని విరిగేదాకా హింసిస్తారు, వాటిని ఎవరికీ అమ్మరు. అమ్మబోయే వాటికి చేసే స్క్రీనింగ్‌లో లోపమున్నది బయటపడాలి, మంచిదాని ఆయుష్షు తగ్గకూడదు. అందుకే ఒక మంచి బోర్డుని అదే స్క్రీన్‌లో పదేపదే తిప్పి చూస్తారు. అది పాడైతే తప్పు బోర్డుది కాదు, స్క్రీన్‌ది. వెంటనే తీవ్రత తగ్గిస్తారు. ఫెయిలైన ప్రతి బోర్డునీ విప్పి, కారణం వెతికి, తయారీలోనే సరిచేస్తారు.

నేనింతకుముందు పనిచేసిన చోట ఒక రిలీజ్ కోసం నాలుగు నెలలు శనాదివారాల్లేవు. టీమ్‌లో అందరికన్నా శుభ్రంగా కోడ్ రాసే కుర్రాడు మానేశాడు. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్తున్నాడు. "తట్టుకోలేకపోయాడు" అని పైవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు పోయాడని విప్పి చూసినవాళ్ళు లేరు. తర్వాతి రిలీజ్ కూడా అలాగే నడిచింది.

ఇంకోటి. స్క్రీనింగ్ ఒక్కసారి చేసి పంపించేస్తారు. ఏ బోర్డునీ జీవితాంతం ఛాంబర్‌లో ఉంచరు.

కష్టపడొద్దని కాదు నా ఉద్దేశం. గడువులుంటాయి, రాత్రుళ్ళు కూర్చోవాల్సిన రోజులూ ఉంటాయి. కానీ ఈసారి ఎవరైనా "ప్రెషర్‌లో పెడితేనే" అంటే ఒక్కటి అడగండి: "సార్, ఇది హాల్టా, స్క్రీనింగా?" హాల్ట్ అయితే మనం విరిగేదాకా ఆపరన్నమాట. ఆ సంగతి ముందే తెలియడం మంచిదే కదా!