విత్తు ఒక్కటే చాలదు

మా అక్కయ్యకు రొమ్ము కేన్సరు శస్త్రచికిత్స జరిగిన నాలుగేళ్ళకు నడుము నొప్పి మొదలయింది. వయసుతో వచ్చిన నొప్పి అనుకున్నాము. పరీక్షలలో రోగం వెన్నుపూసలకు చేరిందని తేలింది. "రొమ్ము తీసేశారు కదరా తమ్ముడూ, మరి వెన్నులోకి ఎట్లా వచ్చింది?" అని అడిగింది. ఏళ్ళ తరబడి పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నా వద్ద దానికి సమాధానం లేదు. చివరకు తానే ఒక కారణం చెప్పుకున్నది. పథ్యం సరిగా చేయలేదట, వంకాయకూర తిన్నదట. ఆ మాటను నేను ఖండించలేకపోయాను. ఆమె పోయిన తరువాతనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. రొమ్ము కేన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలను పరిశీలించి, ఈ రోగం కాలేయానికి తరచుగానూ, ప్లీహానికి అరుదుగానూ పాకుతున్నదని గమనించాడు. రక్తప్రవాహమే కారణమైతే ఇంత భేదం ఉండరాదు. అందుచేత కేన్సరు కణాన్ని విత్తనంతోనూ, అది చేరిన అవయవాన్ని నేలతోనూ పోల్చాడు. విత్తనాలు అన్ని దిక్కులకూ పోవచ్చును గాని, అనువైన నేల దొరికిన చోటనే మొలకెత్తుతాయి. బీజం ప్రధానమా, క్షేత్రం ప్రధానమా అన్న చర్చ మన ధర్మశాస్త్రాలలో ఉన్నదే కనుక, ఈ ఉపమానం నాకు వెంటనే బోధపడింది.

1928లో జేమ్స్ ఈవింగ్ రక్తప్రవాహ మార్గమే ముఖ్యమని వాదించాడు. 1980లో హార్ట్, ఫిడ్లర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల శరీరంలో ఊపిరితిత్తి, అండాశయం, మూత్రపిండాల ముక్కలను అంటుకట్టి, రక్తంలోకి మెలనోమా కణాలను ఎక్కించారు. మొదటి రెండింటిలో గడ్డలు పెరిగాయి, మూత్రపిండపు ముక్కలో పెరగలేదు. దారీ ముఖ్యమే, నేలా ముఖ్యమే అని నేటి వైద్యుల మాట.

నన్ను ఎక్కువగా కదిలించినది మరొకటి. కేన్సరు కణం ఒంటరిగా పనిచేయదు, ఇరుగుపొరుగును పనిలో పెట్టుకుంటుంది. గాయమైతే పీచు నేసి పూడ్చే కణాలు, చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు, కొత్త రక్తనాళాలు అన్నీ దాని చుట్టూ చేరుతాయి. కొన్ని దానికి దారి వేస్తాయి, కొన్ని తిండి తెస్తాయి. అందుకే 1986లో హెరాల్డ్ డ్వోరక్ కేన్సరు గడ్డను మానని గాయంతో పోల్చాడు.

ఎముక సంగతీ ఇటువంటిదే. అందులో పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తదాన్ని కట్టే కణాలు నిత్యం పనిచేస్తూ ఉంటాయి. అక్కడ దిగిన రొమ్ము కేన్సరు కణం కట్టే కణాలకు సంకేతం పంపుతుంది, అవి కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఎముక కరిగేకొద్దీ అందులో దాగిన వృద్ధికారకాలు బయటపడి కేన్సరుకు ఎరువవుతాయి. ఆ ఎరువుతో అది మరింత పెరుగుతుంది, ఎముక మరింత కరుగుతుంది.

అక్కయ్యకు జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించేవారు. "కేన్సరు వస్తే ఎముకకు మందేమిట్రా?" అనేది. ఆ మందు ఎముకను కరిగించే కణాలను అడ్డుకుంటుందని ఇప్పుడు తెలిసింది. రోగాన్ని నిర్మూలించలేదు గాని, ఎముకలు విరిగే ముప్పును తగ్గిస్తుంది. అది నేలకు చేసిన వైద్యం.

నేల అన్నంత మాత్రాన నేలది దోషమని కాదు. గాయాన్ని మాన్పడం, ఎముకను కరిగించి కట్టడం శరీరధర్మాలు. ఆ మంచి పనులనే రోగం తన స్వార్థానికి వాడుకుంటుంది. అక్కయ్య శరీరం తన ధర్మం తాను చేసింది. వంకాయకూరకు ఇందులో ఏ పాత్రా లేదు. ఆ ఒక్క మాట ఆమె ఉండగా చెప్పలేకపోయాను. మీ ఇళ్ళలో ఎవరైనా ఇట్లా తమను తాము నిందించుకుంటూ ఉంటే, దయచేసి మీరైనా చెప్పండి.