నీటి జాడ

మా పడకగది కప్పునకు నైరృతిమూలను మాఘమాసములో నొక మరక కనబడినది. మొదట నది తమలపాకంత యుండి, 15 దినములలో విస్తరాకంత యైనది. అంచులు పసుపు, నడుమ నలుపు. మాది నాలుగవ యంతస్తు; మాపైన నైదవది, దానిపైన డాబా. మరకకు సరిగా పైని ఐదవ యంతస్తువారి స్నానపుగది యున్నది. ఇంతకన్న సాక్ష్యమేమి కావలయును? పైయింటివారి నిర్లక్ష్యమే కారణమని నేనును, మేడసంఘపు కార్యదర్శియు నొక్క నిమిషములో తీర్మానించితిమి. ఆ తీర్మానము తప్పని తేలుటకు రెండు నెలలు పట్టినది.

పైయింట అద్దెకున్నవారు ఒక నర్సు, ఆమె ముసలితల్లి. రాత్రియెల్ల రోగుల నడుమ మెలగి, తెల్లవారుజామున వచ్చి, స్నానము చేసి, బట్టలుతుకుకొనుట ఆమె యలవాటు. అట్లు చేయకున్న తప్పు గాని, చేసిన తప్పేమి? కాని మా మేడలో దీనికి వేరు వ్యాఖ్యానము పుట్టినది. ఆమె వచ్చిన తొలివారముననే యింటిపేరు, ఊరు, పేట అడిగి కులము కనుగొన్నవారు మాలో నుండిరి. నీటి మాట ఆ పిమ్మట బయలుదేరినది. ‘వాళ్లకు నీళ్లు వాడటం ఏం తెలుసు?’ అని మెట్లమీద నొకరనిరి. నేనా మాట అనలేదు; ఖండింపను లేదు. మెట్లెక్కి పోయి, మిక్కిలి మర్యాదగా, ‘అమ్మా, మీ నీళ్లు మా గదిలో పడుతున్నాయి. కొంచెం చూచి వాడుకోండి’ అంటిని.

ఆమె యేమియు ననక నన్ను లోనికి పిలిచి స్నానపుగది చూపినది. నేల యెండి యుండెను. ‘మాస్టారూ, ఈ గది తలుపు వేసి ఎనిమిది రోజులైంది. నేను ఆసుపత్రిలోనే స్నానం చేసి వస్తున్నాను. అమ్మ వంటింటి వెనక బట్టలుతికే గచ్చు మీద పోసుకుంటోంది. మీ మరక తగ్గిందా?’ అని యడిగినది. తగ్గలేదు, పెరిగినది. అయినను నేనామె మాట నమ్మలేదు. నమ్మకపోవుటకు నాయొద్ద కారణమొక్కటియు లేదు.

నేను పాఠశాలలో సంస్కృతము బోధించువాడను. కార్యమును చూచి కారణము నూహించుటను నైయాయికులు శేషవదనుమాన మందురు. ఏటిలో నీరు పొంగుట చూచి ఎగువ వాన కురిసెనని యూహించుట దానికి వారిచ్చు నుదాహరణము. అయితే ఆ శాస్త్రముననే పూర్వపక్షి యొకడు లేచి, దిగువ నడ్డుకట్ట పడినను ఏరు పొంగును గదా, మీ యనుమాన మేమి ప్రమాణ మని నిలదీయును. అందులకు వాత్స్యాయనుడు చెప్పు సమాధానము: పొంగు మాత్రమే చాలదు, ప్రవాహవేగము, నురుగు, కొట్టుకొనివచ్చు ఆకులు, కట్టెలు, ఇవన్నియు చూచి మరి నిర్ణయింపవలెను. ఆ భాష్యముననే, ఆప్తుడనగా తాను సాక్షాత్తుగ నెరిగినదానిని ఎరిగినట్లు చెప్పువాడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమేయనియు గలదు. ఈ పంక్తులు పిల్లలకు చెప్పునప్పుడు నా కంఠము కొంచెము గర్వముగా నుండెడిది. తీరా నాయింటి కప్పు తడిసిన దినమున నేను పొంగు మాత్రమే చూచితిని. ఆప్తవాక్యమును మెట్లమీద విడిచి వచ్చితిని.

సంఘమువారు పిలిపించిన ప్లంబరు ఏబదియేండ్లు దాటినవాడు. మరకవంక ఎంతోసేపు చూడలేదు. ‘నీరు దిగిన చోటొకటి, కారిన చోటొకటండి’ అనెను. అతడు చెప్పగా నాకు బోధపడిన దిది. పైని ఒకచోట దిగిన నీరు శ్లాబులోని యతుకు వెంటనో, ఇనుపకడ్డీ వెంటనో, తీగల గొట్టము వెంటనో ప్రాకి, దూలము నానుకొని పోయి, పల్లము దొరికినచోట బొట్టు గట్టును. సన్నని పగులులలో పైకి సయిత మెగబ్రాకును, వత్తి నూనె పీల్చినట్లు. పెద్దమేడలో నీటికి పుట్టిండ్లు పెక్కు: కుళాయి గొట్టములు, వాడుకనీటి తూములు, డాబామీది ట్యాంకు, వాన, ఏసీ యంత్రములు. వానిని వేరుచేయుటకు మొదటి సాధనము గడియారము. ఒత్తిడితో నీరు పారు కుళాయి గొట్టము చిల్లిపడినచో రాత్రింబవళ్లు తెంపులేక కారును. తూము చెడినచో వాడినప్పుడే కారును. వాననీరైనచో వాన పడినప్పుడో, వెలిసిన కొన్ని గంటలకో కనబడును. ‘పెన్సిలుతో మరక చుట్టూ గీత గీసి తేదీ వేయండి. ఎప్పుడు తడి అవుతుందో రాసుకోండి. ఒక్కసారి ఒక్కటే పరీక్ష. రెండు కలిపితే ఏదీ తేలదు’ అనెను.

మొదట మాకు నీరువచ్చు గొట్టము కట్టి చూచితిమి, మార్పు లేదు. పిమ్మట పైయింటి స్నానపుగది తూమునకు మూత బిగించి, రెండంగుళముల లోతున పచ్చరంగు కలిపిన నీరు నింపి, గోడమీద సుద్దతో మట్టము గుర్తుంచి, ఒక దినమంతయు నుంచితిమి. మట్టము తగ్గలేదు. మాయింట పచ్చని చుక్క యొక్కటియు పడలేదు. అంతటితో నపవాదు తొలగవలసినది. కార్యదర్శిగారు ‘రంగు గోడలో ఇంకిపోయిందేమో’ అనిరి. ముసలామె గచ్చుమీది స్నానము మానలేదు.

నడుమ నొక యువకుడు వేడిని చిత్రించు యంత్రము తెచ్చి తెరమీద మా గోడను నీలముగా చూపెను. తడిచోట నీరావిరియగుచు చల్లబడును గావున యంత్రము చల్లదనమును చూపును. నీటిని గాదు, అది వచ్చిన త్రోవను అంతకంటె గాదు. తడియున్నదని మాకు ముందే తెలియును. రుసుము మాత్రము చక్కగా పుచ్చుకొనెను.

మరకపై సున్నము కొట్టి మరచిపోరాదా యని నా భార్య యడిగినది. రాదు. కాంక్రీటులోని క్షారగుణము కడ్డీలను త్రుప్పునుండి కాపాడును. నీరు, గాలి, ఉప్పు చేరి ఆ గుణము చెడినచో త్రుప్పు పుట్టి, ఇనుముకన్న నెక్కువ చోటాక్రమించి, శ్లాబును లోపలనుండి చీల్చును. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున సర్ఫ్‌సైడ్ పట్టణములో 2021 జూన్ 24వ తేదీ అర్ధరాత్రి దాటినపిమ్మట 12 అంతస్తుల మేడ యొకటి చాలభాగము కూలి 98 మంది మరణించిరి. ఈతకొలను ప్రక్కని శ్లాబునకు వాలు లేదనియు, దాని నీటికాపు చెడినదనియు 2018లోనే యొక యింజనీరు వ్రాసియిచ్చి యుండెను. కూలుటకు అదియొక్కటే కారణమని నేననను. ఆ కాగిత మచ్చట నుండియు దాదాపు మూడేండ్లు గడచినవను మాట మాత్రము నన్ను వదలలేదు.

ఇక నా పెన్సిలు లెక్క. 40 దినములలో మరక 11 మార్లు తడిసినది, ప్రతిమారును ఉదయముననే. వాన చినుకు లేదు. నర్సు రాత్రివిధులతో పోల్చితిని, కలియలేదు. తల్లీకూతుళ్లు ఊరికి పోయి యిల్లు తాళమువేసిన ఐదు దినములలోను రెండుమారులు తడిసినది. చివరకు కావలివానిని బుజ్జగించి యడుగగా, మోటారు కట్టుట మరచి నిద్రపోయిన తెల్లవారుజాములు కొన్ని గలవని యొప్పుకొనెను. ఆ దినములలో ట్యాంకు పొంగి డాబామీద పారును. డాబా వాలు నైరృతిమూలకు. ఆ మూలను సూర్యరశ్మితో నీరు కాచు యంత్రమొకటి యున్నది. అది నాది. రెండేండ్ల క్రిందట నేనే పెట్టించి, దాని విద్యుత్తు తీగకై గోడలో గొట్టము దింపించి మాయింటికి తెచ్చుకొంటిని.

ప్లంబరు మొదట మాయింటి విద్యుత్తు కట్టించెను. పిమ్మట డాబాపై ఆ గొట్టము మొదట ఎర్రరంగు నీరు బిందెడు పోసెను. నేను క్రింద కుర్చీ వేసికొని కప్పువంక చూచుచు కూర్చుంటిని. 40 నిమిషములకు ఎర్రని బొట్టు పడినది. నేలమట్టమున గొట్టపు టతుకు విడిచి యున్నదట. నీరందులో దూరి, పైయింటి గోడలోనుండి యెవరికిని కనబడక దిగి, మా కప్పుదగ్గర వంపులో బయటపడుచున్నది. తీగయున్న గొట్టములోనే రెండు నెలలు నీరు పారినది; ఎవరికిని హాని కలుగకపోవుట మా యదృష్టము.

ఆ సాయంకాలము పైకి పోయి యావత్తును చెప్పితిని. తప్పు నాదని చెప్పితిని. ఆమె తలుపుదగ్గర నిలిచి విని, ‘కరెంటు ఆపించారా?’ అని యడిగినది. ఆపించితి నంటిని. ‘అయితే అమ్మ ఇక లోపల పోసుకోవచ్చా మాస్టారూ?’ అన్నది. దానికి నేనేమంటినో నాకు సరిగా జ్ఞాపకము లేదు.

సంఘపు పుస్తకములో ‘ఐదవ అంతస్తు అద్దెదారు నిర్లక్ష్యము వలన’ అని వ్రాసిన తీర్మానము క్రింద నా సంతకమున్నది. అది కొట్టివేసి, గొట్టము నాదని వ్రాయుడని లేఖ యిచ్చితిని. ‘నీళ్ల సంగతి తేలింది కదా మాస్టారూ, పాత కాగితం ఎందుకు?’ అని కార్యదర్శిగారనిరి. సర్వసభ్యసమావేశము వచ్చు ఆదివారము. గోడ బాగుగా ఆరువరకు రంగు వేయవద్దని ప్లంబరు చెప్పిపోయెను గనుక, మరక యిప్పటికి నట్లే యున్నది.