సాతంరాయి చెలకలు – కొత్తగూడ వృక్షోద్యానము

తోట యనగానే మనకు రెండు విధములగు తోటలు స్ఫురించును. ఇంటి పెరటిలో పూజకు పూలును, వంటకు కరివేపాకును ఇచ్చునది యొకటి. పట్టణములలో సాయంకాలము పిల్లలను త్రిప్పి తెచ్చుటకు పనికివచ్చునది రెండవది. ఈ రెండును గాక మూడవ విధమగు తోట యొకటి కలదు. అందు మొక్కలను తెలిసికొనుట కొరకును, అవి నశింపకుండ కాపాడుట కొరకును పెంచుదురు. దానినే పండితులు వృక్షశాస్త్రోద్యాన మందురు. జనులు బొటానికల్ గార్డెను అని పిలుచుచున్నారు.

ఇట్టి తోటలలో మిక్కిలి ప్రాచీనమైనది ఇటలీ దేశమున నున్నది. పాడువా నగరమున వైద్యవిద్యార్థులకు మూలికలను చూపుటకై 1545లో నాటిన ఆ తోట నేటికిని అదే స్థలమున నిలిచియున్నది. మన దేశమున కలకత్తా చెంతనున్న శిబ్‌పూరు తోట 1787లో ఏర్పడెను. 1793లో ఆ తోటకు అధికారిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు అంతకు పూర్వము మన సామర్లకోటలో నుండి, తెలుగుసీమ మొక్కలను పరిశీలించినవాడు. ఆయన ఇచ్చటి జనులు చెప్పిన పేర్లను శ్రద్ధతో వ్రాసికొనెను. సోమిద చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో 'సోయ్మిడా' అను మాట నేటికిని కలదు. ఏ పల్లెటూరివారో ఆనాడు చెప్పిన తెలుగు మాట ప్రపంచమందలి వృక్షశాస్త్ర గ్రంథములన్నిటిలోను నిలిచిపోయినది. పేరు తెలిసినవారు చెప్పుటయు, వినువారు వ్రాసికొనుటయు రెండును జరిగినందుననే గదా ఇది సాధ్యమైనది!

హైదరాబాదు నగరము తోటల నగరమని బషీర్‌బాగు, కుందన్‌బాగు మున్నగు పేటల పేర్లే చెప్పుచున్నవి. అందలి వృక్షోద్యానమును చూడవలెనని మాకు చాలకాలముగా కోరిక యుండెను. మేము నలుగురము స్త్రీలము భాద్రపద మాసమున, బతుకమ్మ పండుగ కొలది దినములలో రానున్నదనగా, బయలుదేరితిమి. మాలో ఒకరి బంధువుల యిల్లు సాతంరాయిలో నుండుటచేత మొదట అచ్చటనే దిగితిమి.

సాతంరాయి గ్రామము నగరము నుండి బెంగుళూరునకు పోవు రాజమార్గముపై, గగన్‌పహాడు దాటిన పిదప, శంషాబాదునకు కొంచె మీవల నున్నది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన నాటినుండి ఈ ప్రాంతపు రూపమే మారిపోయినది. ఆ విమానాశ్రయ మొక్కటే సుమారు 5,500 ఎకరముల నాక్రమించియున్నది. దాని ప్రక్కనే మామిడిపల్లి యను ఊరు కలదు. చెట్టు పేరిట వెలసిన ఊరి చెంతనే నేడు విమానములు దిగుచున్నవి. గిడ్డంగులు, భోజనశాలలు, వివాహమందిరములు, ఇండ్లస్థలముల ప్రకటన ఫలకములు దారి పొడవునను కనుపట్టుచుండును. అయినను, ఫలకముల వెనుక ఇంకను కొన్ని చెలకలు మిగిలియున్నవి.

మరునాటి యుదయమున ఆ చెలకల గట్లవెంట నడచితిమి. మాకు దారి చూపినది ఆ యింటి పెద్దావిడ. వయస్సు డెబ్బది దాటినది, చదువు రాదు. ఊరివారందరును ఆమెను అవ్వ యని పిలుచుచున్నందున మేమును అట్లే పిలిచితిమి. తెలియనివారి కండ్లకు అది ముండ్లకంపలతో నిండిన బీడు. అవ్వ కంటికి మాత్రము అందు అక్కరకురాని మొక్క యొక్కటియు లేదు. తంగేడు బంగారు రంగున పూచియుండెను. దాని ఆకును పశువులు ముట్టవు, కావుననే మేత బీళ్ళలో అది బ్రదికి యుండును. దాని పట్టతో తోళ్ళను పదును చేయుదురు. బలుసు చిగుళ్ళు కూరకు వచ్చును. పరికి పండ్లు పిల్లలకు ప్రీతి. మోదుగ ఆకులతో విస్తళ్ళు కుట్టుదురు. ఫాల్గుణమాసమున ఆకులు రాలి, చెట్టంతయు నెఱ్ఱని పూలతో మండుచున్నట్లుండును. కానుగ గింజల నూనె ఒకప్పుడు ఇండ్లలో దీపములకు వాడెడివారు. రాళ్ళ సందులలో పెరుగు సీతాఫలము చెట్లు కాయలతో నిండియుండెను. ఇదే మార్గమున మఱికొంత దూరము పోయినచో వచ్చు బాలానగరు సీతాఫలములకు ప్రసిద్ధి కెక్కినది.

గునుగు పూలు మాత్రము మాకు మిక్కిలి తక్కువగా కనబడినవి. కారణ మేమని అడుగగా అవ్వ చెప్పిన మాట యిది: "జొన్న చేన్ల పొంటి, కంది చేన్ల పొంటి మొలుస్తది బిడ్డా గునుగు. చేన్లే లేకపాయె, ఇగ గునుగు యాడికెల్లి వస్తది? అంత ప్లాట్లాయె." గునుగు విత్తువారు లేని మొక్క, మెట్టపంటల నడుమ కలుపుగా పుట్టి, పూచి, సన్నని నల్లని గింజలను రాల్చి, మరుసటి వానలకు తిరిగి మొలచును. పంట పోయిన చోట అదియు పోవును. పంట యున్నచోట కలుపు మందులు చల్లినను పోవును. అందుచేత నేడు పండుగనాళ్ళలో నగరపు స్త్రీలు గునుగును అంగడిలో కొనుచున్నారు.

ఆ దినము మధ్యాహ్నము అవ్వను కూడ వెంటబెట్టుకొని వృక్షోద్యానమునకు బయలుదేరితిమి. నగరమును చుట్టివచ్చు బాహ్యవలయ మార్గము, 158 కిలోమీటర్ల పొడవుగలది, శంషాబాదు నుండి గచ్చిబౌలి వైపునకు పోవుచున్నది. దానిమీద పోయి గచ్చిబౌలి వద్ద దిగినచో, కొత్తగూడ అచ్చటికి ఎంతో దూరము కాదు. ఉద్యానము అచ్చటి రక్షితారణ్య భూమిలో నున్నది. నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేరు దానికి పెట్టబడినది. అటవీ అభివృద్ధి సంస్థవారు దానిని నిర్వహించుచున్నారు. వంద ఎకరములకు మించిన ఆ వనమునకు నలుదిక్కులను ఆకాశము నంటు మేడలును, కంప్యూటరు కంపెనీల భవనములును లేచియున్నవి.

ద్వారము వద్ద టిక్కెట్లు కొనుచుండగా అవ్వ విస్తుపోయి, "చెట్లు సూసుటానికి పైసలా?" అని అడిగెను. లోపలికి పోయిన పిమ్మట అవ్వ ఆశ్చర్యము ఇంకను హెచ్చెను. ఏలయన, అందు మొట్టమొదట ఆమె గుర్తించినవి విదేశపు వింతచెట్లు కావు. తన చెలక గట్లమీది చెట్లే!

ఈ తోట గొప్పతనమంతయు అందే యున్నదని మాకు తోచినది. పెక్కు ఉద్యానములలో నేలను చదును చేసి, రాళ్ళను పగులగొట్టి, పచ్చికను పరచి, దూరదేశపు పూలమొక్కలను బారులు తీర్చి నిలుపుదురు. ఇచ్చట రాళ్ళను రాళ్ళుగనే యుంచిరి. దక్కను పీఠభూమియందలి ఈ నల్లశిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ బండల నడుమ ఈ నేలకు సహజమగు పొదలును, గడ్డియు పెరుగుచున్నవి. సంవత్సరమునకు సుమారు 80 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియు నేల యిది. ఆ వానలో అధికభాగము నాలుగు నెలలలోనే కురియును. తక్కిన ఎనిమిది నెలలు బ్రదుకుటకు ఈ నేల మొక్కలు ఎన్నో యుపాయములు నేర్చినవి. తుమ్మ తన ఆకును సన్నగించుకొన్నది. మోదుగ ఎండకాలమునకు ముందే ఆకు రాల్చును. జమ్మి తన వ్రేళ్ళను మిక్కిలి లోతునకు దింపును. మితముగా ఖర్చుపెట్టి సంసారము నడుపు ఇల్లాలికిని ఈ చెట్లకును మాకు భేదము కనబడలేదు!

సహజముగా పెరిగిన ఈ యడవియే గాక, పెంచిన వనములును అందు వేరువేరుగా నున్నవి. ఔషధపు మొక్కలు, కలప చెట్లు, పండ్లచెట్లు, వెదుళ్ళు, నీటి మొక్కలు, అలంకారపు మొక్కలు – ఇట్లు జాతులవారీగా వానిని విభజించిరి. వెదుళ్ళ నీడలో నడచునపుడు బయటి రాజమార్గపు రొద వినబడదు. ఔషధవనమున అవ్వ ఒక్కొక్క మొక్కను ముట్టి, ఆకు నలిపి వాసన చూచి పేరు చెప్పుచుండెను. వెంటనున్న మాలో ఒకరు ఫలకము చదువుచుండిరి. పెక్కు చోట్ల రెండును కుదిరినవి. కొన్ని చోట్ల అవ్వ చెప్పిన పేరు ఫలకముమీద లేదు. అది ఆ పది ఊళ్ళవారే వాడు పేరు కాబోలును. మా యెదుటనే కొందరు బాలబాలికలు లాటిను నామములను బిగ్గరగా చదివి, పుస్తకములలో వ్రాసికొనుచుండిరి. వారిలో ఒక బాలిక 'అజాడిరాక్టా ఇండికా' అని తప్పులేకుండ చదివి, "ఇది మా ఇంటిముందర వేపచెట్టేనా?" యని అవ్వ నడిగినది. అవ్వ నవ్వి, ఆకు నొకటి త్రుంచి ఆమె చేతికిచ్చి, కొరికి చూడుమనెను. ఆ బాలిక కొరికి, మొగము చిట్లించి, "ఔను, ఇది వేపయే!" అనెను.

తోటలో ఒక బండపై విశ్రమించి మేము రానున్న పండుగను గూర్చి ముచ్చటించుకొంటిమి. బతుకమ్మ పేర్చుటకు వాడు పూలు ఏ దేశమునుండి వచ్చినవో విచారించినచో ఆశ్చర్యము కలుగును. తంగేడును గునుగును ఈ నేలలో తమంతట పెరుగు మొక్కలు. బంతి మెక్సికో దేశమునుండి సముద్రము దాటి వచ్చినది. గుమ్మడి జన్మస్థానమును అమెరికా ఖండమే. చామంతి చీనాదేశమున పుట్టినది. పండ్లలో మనము సీతమ్మ పేరిట పిలుచు సీతాఫలము సైతము అమెరికా ఖండపుదే. ఇన్ని దేశముల పూలను ఒక పళ్ళెములో వరుసలుగా పేర్చి, నడుమ గౌరమ్మను నిలిపి, స్త్రీలు తొమ్మిది దినములు పాడుకొందురు. శాస్త్రజ్ఞుల తోటకంటె ముందే మన తల్లులు పళ్ళెములో ఒక వృక్షోద్యానమును కూర్చిరని చెప్పిన అతిశయోక్తి కాదు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014వ సంవత్సరముననే తంగేడును రాష్ట్ర పుష్పముగను, జమ్మిని రాష్ట్ర వృక్షముగను ప్రకటించిరి.

పరదేశపు మొక్కలన్నియు మేలు చేసినవని తలంపరాదు. వంటచెరకు కొరకును, బీటినేలలను పచ్చబరచుట కొరకును అమెరికానుండి తెచ్చిన సర్కారు తుమ్మ నేడు చెరువు గట్లను, బీళ్ళను కప్పివేసి, దాని క్రింద ఇతరమగు మొక్కను మొలవనీయకున్నది. మొక్క నాటుట పుణ్యమే. ఏ నేలలో ఏ మొక్క నాటవలెనో తెలిసి నాటుట అంతకంటె పుణ్యము. ఆ తెలివిని నేర్పుటయే వృక్షోద్యానము చేయవలసిన పని.

అయితే, తోట యొక్కటియే అన్నిటిని రక్షింపగలదా? చేవెళ్ళ పోవు దారిలో నిజాముల నాటి మర్రిచెట్లు సుమారు తొమ్మిదివందలు కలవు. రోడ్డును వెడల్పు చేయుటకు వానిని తొలగింపవలసి వచ్చినపుడు, నగరవాసులు కొందరు పూనుకొని హరిత న్యాయస్థానము వరకు పోయి వానికొరకు పోరాడిరి. మర్రి మహావృక్షము గనుక దాని కూలుట అందరికిని కనబడును. గునుగు కొరకు ఎవరు న్యాయస్థానమునకు పోవుదురు? అది పోయిన సంగతి పండుగనాడు పళ్ళెము వెలితిగా కనబడిన ఇల్లాలికి మాత్రమే తెలియును. చెట్టు నశించుటకు ముందు దాని పేరు నశించును. పేరు మరచినవారికి అన్నియు పిచ్చిమొక్కలే. పిచ్చిమొక్కను పెరికివేయుటకు ఎవరికిని సంకోచ ముండదు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. హైదరాబాదు పోయినపుడు కొత్తగూడ తోటను తప్పక చూడుడు. ఉదయము పొండు, ఎండ పెరిగిన పిదప బండలు కాలును. పిల్లలను తీసికొనిపోవునపుడు ఇంటిలో తల్లినో, అత్తగారినో, పల్లెనుండి వచ్చిన అమ్మమ్మనో వెంటబెట్టుకొని పొండు. పెద్దలు పేరు చెప్పగా పిల్లలచే వ్రాయింపుడు. ఫలకముమీది నామమును దాని ప్రక్కనే వ్రాయింపుడు. ఏ ఊరిలో ఆ పేరు వాడుదురో అదియు చేర్పుడు. పండుగ ముగిసిన పిమ్మట ఎండిన గునుగు కంకులనుండి గింజలను దులిపి కాగితపు పొట్లములో దాచి, తొలకరికి పెరటి మూలనో, మిద్దెమీది కుండిలోనో చల్లుడు. దానికి ఎరువక్కరలేదు, సేవ యక్కరలేదు. పిడికెడు మన్నును, నాలుగు వానలును చాలును.

సాతంరాయి చెలకలు ఎంతకాలముండునో చెప్పజాలము. అవ్వకు తెలిసిన పేర్లు మాత్రము ఆ బాలిక పుస్తకములో కొన్ని చేరినవి. తక్కినవి చేర్చుట మన చేతులలో నున్నది.