మరి ఇంటికెళ్ళాడా?

ఆబిడ్స్‌లో ఆదివారాలు రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల్లో పోయినేడు నాకో రూపర్ట్ వార్షిక సంచిక దొరికింది. ఎర్ర స్వెట్టరు, పసుపురంగు గళ్ళ ప్యాంటు వేసుకున్న ఎలుగుబంటి పిల్ల రూపర్ట్. మా అమ్మాయికని కొని, సెలవులకి పొదిలి పట్టుకెళ్ళాను.

రూపర్ట్ పుట్టింది పత్రికల పోటీలో. డెయిలీ మెయిల్‌లో టెడ్డీ టెయిల్ అనే ఎలుక బొమ్మల కథ నడుస్తుంటే, డెయిలీ ఎక్స్‌ప్రెస్‌కీ ఒక జంతువు కావలసి వచ్చింది. అక్కడ పనిచేసే హెర్బర్ట్ టూర్టెల్ భార్య మేరీ చిత్రకారిణి. ఆమె గీసిన రూపర్ట్ 1920 నవంబర్ 8న మొదటిసారి అచ్చయ్యాడు.

ఆ పుస్తకంలో మాటల బుడగలు ఉండవు. బొమ్మ, దాని కింద రెండు పాదాల పద్యం, ఆ కింద వచనం. చదవడం రాని పిల్లలకి బొమ్మ చాలు. కాస్త వస్తే పద్యం, బాగా వస్తే వచనం. ఒక ఇంటికి మూడు గుమ్మాలున్నట్టు.

నాయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. మాట్లాడే జంతువులు నాకు మొదట తెలిసింది ఆయన చదివి వినిపించిన చిన్నయసూరి నీతిచంద్రికలోనే. చిత్రగ్రీవుడనే పావురం, హిరణ్యకుడనే ఎలుక, లఘుపతనకుడనే కాకి. నోరు తెరిస్తే నీతి. 1853 నాటి ఆ గ్రాంథికం నాకు సగమే అర్థమయ్యేది. ఆయన గొంతు కోసం కూర్చునేవాణ్ణి.

రూపర్ట్ నీతులు చెప్పడు. ఇంట్లోంచి బయల్దేరి, ఏదో వింతలో ఇరుక్కుని, చివరికి అమ్మానాన్నల దగ్గరికి చేరతాడు.

గ్లకోమాతో నాయనకి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ నీతిచంద్రిక మూతపడే ఉంది.

చూపు తగ్గిపోయే 1935లో మేరీ కూడా గీయడం మానుకుంది. ఆల్ఫ్రెడ్ బెస్టాల్ అందుకున్నాడు. బర్మాలోని మాండలేలో పుట్టినవాడు. దుష్టులూ మంత్రాలూ వద్దని పత్రిక వాళ్ళు ముందే చెప్పారు. అతను మేరీలా గీయాలని పట్టుబట్టకుండా, తనకి వచ్చినట్టు ముప్పై ఏళ్ళు నడిపాడు. ఇవాళ చాలామందికి రూపర్ట్ అంటే గుర్తొచ్చేది అతని బొమ్మలే.

అరుగు మీద కూర్చుని మా అమ్మాయి ఇంగ్లీషు పద్యం చదివితే, నేను తెలుగులో చెప్పాను. నాయన పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఈ పసుపు తెలుస్తా ఉంది" అన్నాడు.

"అది వాడి ప్యాంటు, తాతయ్యా."

కథ అయ్యాక, "ఇంతేనా? నీతేందిరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాదు వచ్చాక నీతిచంద్రిక తీశాను. ఇప్పటికీ నాకు సగమే. రాత్రిళ్ళు నాయనకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఒక్కో వాక్యం తడబడుతూ చదువుతాను. ఆయన తప్పులు దిద్ది మామూలు మాటల్లో చెప్తాడు. అమ్మాయి వింటుంది. నిన్న హిరణ్యకుడు పావురాల వల కొరికే చోట ఆపాం.

"మరి అవి ఇంటికెళ్ళాయా, తాతయ్యా?" అని అడిగింది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వాడు. "ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదే" అన్నాడు.