ఎక్కడం సరదా... దిగడమే అసలు కథ!

1956లో వచ్చిన ‘ఎరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’ చూసిన వాళ్ళకి బెలూన్ సీను గుర్తుండే ఉంటుంది. డేవిడ్ నివెన్ దొరబాబులా బుట్టలో నిలబడి ఉంటే, పక్కనున్న పనివాడు కొండ శిఖరం మీది మంచు చేత్తో అందుకుని షాంపేన్ సీసా చల్లబెడతాడు! జూల్స్ వెర్న్ నవలలో అసలు ఆ బెలూన్ ప్రయాణమే లేదు. అది సినిమావాళ్ళ సృష్టి. అయితేనేం, చూసినవాళ్ళకి ఒక్కసారైనా ఎక్కాలనిపిస్తుంది.

ఆ సరదా తీర్చే ఊళ్ళలో ఒకటి ఈజిప్టులోని లక్సర్. తెల్లవారకముందే లేపి, పడవలో నైలు నది దాటించి పడమటి గట్టుకు తీసుకెళ్తారు. గాలి నెమ్మదిగా ఉండేది అప్పుడే మరి! బర్నర్ భగ్గుమంటుంది. నేలమీద పడున్న గుడ్డ మేడంత అయి లేస్తుంది. కాసేపటికి కింద పచ్చని చెరకు తోటలు, ఒకపక్క హత్‌షెప్‌సుత్ రాణి గుడి, ఆ కొండ వెనక రాజుల లోయ... అలాంటి సెట్టింగు వేయడం ఏ ఆర్టు డైరెక్టరు తరమూ కాదు!

చిక్కంతా దిగేటప్పుడే. బెలూన్‌కి స్టీరింగూ లేదు, బ్రేకులూ లేవు. పైలట్ చేతిలో ఉన్నది పైకీ కిందికీ నడపడమే. పక్కకు తీసుకెళ్ళేది గాలి. గాలి జోరుగా ఉంటే బుట్ట నేలకు కొట్టుకుని, ఈడ్చుకుపోయి ఒరిగిపోతుంది. కరెంటు తీగలు తగిలితే మరీ ప్రమాదం. 2016 జూలై 30న అమెరికాలో, టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర అలాగే 16 మంది పోయారు.

లక్సర్‌లో 2013 ఫిబ్రవరి 26న ఇంకా ఘోరం జరిగింది. బెలూన్ దిగుతోంది, నేల అందబోతోంది. అంతలో గ్యాసు గొట్టం లీకై మంటలు లేచాయి. పైలట్, ఒక ప్రయాణికుడు బయటపడ్డారు. బెలూన్ మాత్రం మళ్ళీ పైకి లేచిపోయి, చివరికి చెరకు తోటలో కూలింది. అందులో ఉన్న 21 మందిలో 19 మంది చనిపోయారు.

అందుకే ఎక్కేముందు పైలట్ చెప్పే నాలుగు ముక్కలు ఫొటోల హడావిడిలో వదిలేయకండి. దిగేటప్పుడు కెమెరా లోపల పెట్టేయాలి. బుట్ట పోయే దిక్కుకు వీపు పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, లోపలున్న తాళ్ళ పిడులు గట్టిగా పట్టుకోవాలి. చేతులు బయట పెట్టకూడదు. నేల తగిలింది కదా అని పైలట్ చెప్పకుండా దూకకూడదు. ఒక్కరు దిగినా బరువు తగ్గి, మిగిలినవాళ్ళతో బెలూన్ మళ్ళీ లేవొచ్చు!

గాలి బాగాలేదని ప్రయాణం ఆపేస్తే ఆ పైలట్‌ని తిట్టుకోకండి, దణ్ణం పెట్టండి. సినిమాలో హీరోకి డూపు ఉంటాడు. ఆ బుట్టలో మనకి మనమే!