ముప్పైరెండా, అరవైనాలుగా: సీటీసీలో ఒక మధ్యాహ్నం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడని అడిగితే ఆటో డ్రైవర్ ఒక్క క్షణం ఆలోచిస్తాడు. సీటీసీ అంటే మాత్రం తిన్నగా తెచ్చి దింపేస్తాడు. కింది షాపుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లు, పైకి వెళ్లేకొద్దీ స్క్రూడ్రైవర్లు. నేను వెళ్లింది పైనున్న ఒక ఇరుకు సర్వీస్ షాపుకు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అరవైనాలుగు బిట్లలోనే వస్తుంది, పైగా పాత ప్రాసెసర్లను లెక్కలోకే తీసుకోదు. దాంతో అటకల మీది పాత కంప్యూటర్ పెట్టెలన్నీ గోనెసంచుల్లో, చీర కవర్లలో ఇక్కడికి చేరుతున్నాయి.

బల్ల మీద అరచేతి వెడల్పున్న నెట్‌బుక్ ఒకటి ఉంది. దాన్ని తెచ్చిన ఇంటర్ కుర్రాడు "అరవైనాలుగే ఎక్కించు అన్నా, స్పీడుంటది" అని పట్టుబట్టాడు. మెకానిక్ వాదించలేదు. అరవైనాలుగు బిట్ల లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేశాడు. నల్ల తెర మీద రెండు లైన్లు వచ్చి ఆగిపోయాయి: ఈ కర్నెల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడున్నది ఐ686, అంటే ముప్పైరెండు బిట్లది అని.

"ముందుగాల ప్రాసెసర్‌ని అడగాలె తమ్మీ. మన ఇష్టం ఆ తర్వాత."

అందులో ఉన్నది ఇంటెల్ ఆటమ్ ఎన్270, 2008 నాటిది. అప్పటికి అరవైనాలుగు బిట్ల ప్రాసెసర్లు కొత్తేమీ కాదు. ఏఎండీ 2003లోనే తెచ్చింది, మరుసటి ఏడాది ఇంటెల్ అదే దారి పట్టింది, 2006 నాటి కోర్ 2 డ్యూయోల్లో అది మామూలైపోయింది. చవక నెట్‌బుక్‌ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోత పెట్టారు. కాబట్టి కొన్న సంవత్సరం చూసి తీర్పు చెప్పడం కుదరదు. లినక్స్ ఉంటే టెర్మినల్లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' అని కొడితే ప్రాసెసర్ ఏయే పద్ధతుల్లో నడుస్తుందో మొదటి వరసల్లోనే చెప్పేస్తుంది. విండోస్ ఇచ్చే జవాబును కాస్త జాగ్రత్తగా చదవాలి. ఉన్న విండోస్ ముప్పైరెండుదని చెప్పినంత మాత్రాన ప్రాసెసర్ కూడా అంతే అనుకోకూడదు. అరవైనాలుగుకు పనికొచ్చే యంత్రాల్లో ముప్పైరెండు ఎక్కించి అమ్మిన రోజులవి.

చివరికి కుర్రాడికి ముప్పైరెండు బిట్ల లినక్స్, డెబియన్ 12 దక్కింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ముప్పైరెండు బిట్ల పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. లినక్స్‌లో ముప్పైరెండుకు క్రోమ్ 2016లో సెలవు చెప్పింది, ఫైర్‌ఫాక్స్ 144వ వెర్షన్‌తో ఆపింది. "నోట్స్ రాస్కో, పాటలిను. బ్యాంకు పనులు మాత్రం ఇండ్ల చెయ్యకు" అని చెప్పి పంపాడు.

తర్వాత ఒక మాస్టారి డెస్క్‌టాప్. కోర్ 2 డ్యూయో, 945 చిప్‌సెట్ బోర్డు, 4 జీబీ ర్యామ్. విండోస్ మాత్రం మూడు జీబీ పైచిలుకే చూపిస్తోంది. ముప్పైరెండు బిట్లతో రాయగలిగే చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే సరిగ్గా 4 జీబీ. సినిమా హాల్లో డిస్ట్రిబ్యూటర్ మనుషులకు ముందే పక్కన పెట్టేసిన సీట్లలాగా, ఆ చిరునామాల్లో కొన్ని గ్రాఫిక్స్‌కీ మిగతా కార్డులకీ పోతాయి. ఆ మేరకు ర్యామ్ ఉన్నా చేతికందదు. అయితే ముప్పైరెండు అంటే 4 జీబీ దాటదనేది సగం నిజమే. 1995 నాటి పెంటియమ్ ప్రోతోనే పీఏఈ అనే పద్ధతి వచ్చింది, దాంతో లినక్స్ 64 జీబీ దాకా అందుకుంటుంది. ఇళ్లకు అమ్మిన విండోస్‌లలో ఆ తలుపు మూసి ఉంచింది మైక్రోసాఫ్టే.

"మరి అరవైనాలుగు వేస్తే నా జీబీ నాకొస్తుందా?" అన్నారు మాస్టారు.

"రాదు సార్. 945 బోర్డుకే అంతకుమించి చిరునామాలు తెల్వయి." మాస్టారి మొహం చిన్నబోయింది. "అయినా అరవైనాలుగే ఏస్తా. బ్రౌజర్లన్నీ అటే పోయినయ్ గద."

ఇక్కడ నాకో సందేహం వచ్చింది: అరవైనాలుగుకు ఈ ర్యామ్ చాలుతుందా? అరవైనాలుగులో ప్రతి పాయింటరూ 4 బైట్లకు బదులు 8 బైట్లు తింటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్టే కనీస ర్యామ్ ముప్పైరెండుకు 1 జీబీ, అరవైనాలుగుకు 2 జీబీ అని రాసింది. ఆ కనీసంతో బండి కదులుతుందే తప్ప పరుగెత్తదు. నా లెక్కలో 2 జీబీ దాటితే అరవైనాలుగు, 1 జీబీ అయితే ముప్పైరెండు, సరిగ్గా రెండే ఉంటే ముందు ఇంకో ర్యామ్ స్టిక్ కోసం వెతకాలి. మాస్టారికి నాలుగున్నాయి కనుక లినక్స్ మింట్ అరవైనాలుగు ఎక్కింది. దానికంటే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడమే ఆయనకు ఎక్కువ తేడా చూపించింది. ఈ బిట్ల గొడవలో ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు.

అసలు చిక్కు మూడో పెట్టెతో వచ్చింది. జనగామ వైపు నుంచి వచ్చిన పెళ్లిపత్రికల ప్రెస్ ఆయనది. ముప్పైరెండు బిట్ల విండోస్ 7, పాత పేజ్‌మేకర్, యూనికోడ్‌కు ముందు కాలపు తెలుగు ఫాంట్లు, వాటికో యూఎస్‌బీ తాళం, ఒక ముసలి లేజర్ ప్రింటర్. ఊళ్లో ఎవరో మంచి చేద్దామని అరవైనాలుగు ఎక్కిస్తే ప్రింటర్ పలకలేదు, తాళం తెరుచుకోలేదు. అదృష్టం కొద్దీ పాత డిస్కును వేరే పెట్టారు.

తప్పు యంత్రానిది కాదు. అరవైనాలుగు బిట్ల విండోస్‌లో ముప్పైరెండు ప్రోగ్రాములు నడుస్తాయి, డ్రైవర్లు నడవవు. తయారీదారు కొత్త డ్రైవర్ రాయకపోతే ఆ ప్రింటర్ ఇక ఇనుప సామానే. పదహారు బిట్లవైతే ప్రోగ్రాములు కూడా అసలు నడవవు. 1990ల నాటి సాఫ్ట్‌వేర్ చాలావాటిలో లోపలి ప్రోగ్రాము ముప్పైరెండుదైనా ఇన్‌స్టాలర్ పదహారుది, కాబట్టి సీడీ పెట్టగానే ఆగిపోతుంది. పైగా ముప్పైరెండు నుంచి అరవైనాలుగుకు ఉన్నదాని మీదే ఎక్కిద్దామంటే కుదరదు, అంతా తుడిచి మొదటి నుంచి వెయ్యాలి. ఏళ్ల తరబడి కూర్చిన పత్రికలన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. ఫాంటు పోతే 'శుభలేఖ' ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మారిపోతుంది.

"దీన్ని ముట్టుకోను అంకుల్" అన్నాడు మెకానిక్. పాత డిస్కును ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాడు, ఇంకో కాపీ పక్కన పెట్టుకోమన్నాడు, నెట్‌వర్క్ వైరు పీకేశాడు.

"మరి వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు?"

అలమారలోంచి సెకండ్‌హ్యాండ్ ఐ3 ఒకటి దించాడు. 4 జీబీ, అరవైనాలుగు బిట్లు. "పేజీ అండ్ల కట్టుండ్రి. పీడీఎఫ్ తీసి ఇండ్లకెల్లి పంపుండ్రి. పెన్‌డ్రైవ్ మాత్రం ప్రతిసారి స్కాన్ చెయ్యాలె." ఆయన ధర అడిగారు, ఇతను చెప్పాడు, ఆయన అందులో సగానికి మొదలుపెట్టారు.